కింది బెడ్డువాడి పాట

ఫుజైరాలో ఓడలకు చమురు నింపే పంపుల దగ్గర నేను ఫిట్టర్‌ని. క్యాంపు గదిలో కింది బెడ్డు నాది. జ్వరంతో నాలుగు రోజులు దవాఖానాలో ఉండి వచ్చేసరికి కుంటుతూ నడిచే మా పక్క ఊరివాడు అందులో పడుకుని ఉన్నాడు. అడిగితే అందరి ముందూ నవ్వాడు. "ఏందన్నా, బెడ్డు మీద నీ పేరున్నదా?" పై బెడ్డుకు మారి, ఎనిమిది నెలలు వాడితో మాట్లాడలేదు. తర్వాత కరోనాలో వాడు పోయాడు, కింది బెడ్డు మళ్ళీ నాకొచ్చింది. శవం కూడా ఊరికి పోలేదు.

వాడూ నేనూ ఒకే ఇంజనీరు కింద పనిచేసేవాళ్ళం. అతను నార్వేవాడు. ఉత్తరాన మంచులో రెయిన్‌డీర్లను మేపే సామీ జాతి. మరుసటి ఏడు ఫిబ్రవరి ఆరున టీ గదిలో ఎరుపు, నీలం, పసుపు, పచ్చ రంగుల జెండా పెట్టాడు. అది వాళ్ళ జాతి దినమట. నాలుగు దేశాల్లో ఉన్నా వాళ్ళ జెండా ఒకటే, జాతిగీతం ఒకటేనన్నాడు. నిలబడి ఆ గీతం పాడాడు. మేమూ నిలబడ్డాం.

తర్వాత కూర్చుని, కళ్ళు మూసుకుని ఇంకోటి ఎత్తుకున్నాడు. అందులో మాటల్లేవు. రెండడుగులు వేసి మూడోది ఈడ్చినట్టు సాగింది. గుర్తుపట్టాను. అది చచ్చినవాడి కుంటి నడక. చివర్లో వాడి నవ్వు కూడా వచ్చింది.

మా దిక్కు చనిపోయినవాళ్ళ గుణాలు చెప్పి ఏడుస్తారు. ఇతనేమో చిరునవ్వుతో పాడాడు. వెక్కిరిస్తున్నాడనుకుని ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఫిర్యాదు కాగితం రాసిచ్చాను. పనిచోట పాటలు ఖలాస్ అన్నారు.

ఇంజనీరు నా దగ్గరికొచ్చి, వచ్చీరాని హిందీలో నెమ్మదిగా చెప్పాడు. "అది వాడి మీద పాట కాదు. వాడే. మా దగ్గర మనిషికొక పాట కట్టి ఇస్తాం. ఎవరైనా పాడినంతసేపూ వాడు ఇక్కడుంటాడు."

వేసవిలో అతను వెళ్ళిపోయాడు. ఆనాడు విన్నవాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళకు పోగా ఇక్కడ మిగిలింది నేనొక్కణ్ణే. బోల్టులు బిగిస్తుంటే ఆ కుంటి నడక నా గొంతులోకి వచ్చేది. పళ్ళు బిగబట్టి ఆపేవాణ్ణి.

"ఎవరొచ్చిన్రు కాకా? అటే చూస్తున్నవ్," అనేవాడు తోటి ఫిట్టరు.

"ఎవడూ రాలే. పాన అందియ్."

ఈ ఫిబ్రవరి ఆరున టీ గదిలో ఎవరూ లేనప్పుడు పాడాను. నవ్వు దగ్గర ఆగిపోయాను. నన్ను చూసి నవ్విన నవ్వే అది. అక్కడ ఆపేస్తే వాడు సగంలోనే ఉండిపోతాడు. నవ్వాను, అచ్చం వాడిలాగే.

డ్యూటీ దిగి గదికొచ్చాక కింది బెడ్డు మీద కూర్చోబుద్ధి కాలేదు. ఖాళీగా ఉన్న పైదాని మీదికి ఎక్కాను. కిందిది నాదే, ఇప్పటికీ అదే అంటాను.