నాలుగో చీటీ

మా బావకి కంప్యూటర్ భాషలు ఆరొచ్చు. ఊఁ కొట్టడం మాత్రం రాదు. ఎవరైనా ఏదైనా చెబుతుంటే మధ్యలోనే "అంటే ఏంటంటే" అని అందుకుంటాడు, లేదంటే చూపు ఎటో పెట్టుకుని లోపల్లోపల తన పనేదో చేసుకుంటుంటాడు. చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే మా అక్క పోయాక మా వైపు వాళ్లంతా ఆయన్ని ఆడిపోసుకున్నారు. అప్పుడు నేను నోరు విప్పలేదు.

ఇరవై రెండేళ్లుగా బావది ఒకటే ఉద్యోగం, బస్సు టికెట్ల ప్రోగ్రాం రాయడం. కొన్నేళ్ల నుంచి ఇంట్లోంచే పని. ముందు గదిలో కిటికీకి ఇటు ఆయన బల్ల, అటు అక్క కుట్టుమిషను. వెలుతురు ఇద్దరికీ కావాలి కాబట్టి ఒక్క కిటికీనే పంచుకున్నారు. అక్క ఆ వీధిలో పిల్లల ఫ్రాకులు, స్కూలు యూనిఫారాలు కుట్టేది.

బావ బల్ల మీద వంటింటి టైమరు ఒకటుండేది. దాన్ని పాతిక నిమిషాలకి తిప్పాడంటే అది మోగేదాకా ఆయనతో ఎవరూ మాట్లాడకూడదు. మోగాక ఐదు నిమిషాలు విరామం, మళ్లీ పాతిక. మిషను చప్పుడు ఆయన పనికి అడ్డమని, టైమరు తిరుగుతున్నంతసేపూ అక్క చేత్తో హుక్కులూ కాజాలూ కుట్టుకునేది. టైమరు మోగగానే మిషను ఎక్కేది. అంటే ఆయన ఖాళీగా ఉన్న ఐదు నిమిషాల్లోనే ఆవిడకి ఊపిరాడని పని. ఇద్దరి మధ్యా మాటకి చోటు లేదని నాకు అప్పట్లో తట్టలేదు. ఎంత క్రమశిక్షణో అని ముచ్చటపడేదాన్ని.

సాయంత్రం ఐదింటికి మాత్రం బావ కుర్చీ ఆవిడ వైపు తిప్పేవాడు. ఆ రోజు ఎక్కడ చిక్కుపడ్డాడో మొదట్నుంచి చెప్పుకొచ్చేవాడు. ఆఫీసుల్లో కొందరు దీనికి బల్ల మీద బొమ్మ బాతుని పెట్టుకుని దానికి చెబుతారు. చెబుతుంటే తప్పు మనకే కనిపిస్తుందని. మా బావకి బాతు అక్కర్లేకపోయింది, మా అక్క ఉంది.

అక్క ఊఁ మూడు రకాలు. "ఊఁ" అని పొట్టిగా అంటే వింటున్నాను కానియ్యి అని. "ఊఁ..." అని సాగదీస్తే నీ కష్టం నాకు తెలుస్తోంది అని. మూడోది "ఊఁ?" అని పైకి లేచేది. అది ఎక్కడ లేచిందో సరిగ్గా అక్కడే తప్పు ఉండేది. ఆవిడకి ప్రోగ్రాం ముక్క రాదు. కానీ కథలో అతుకు సరిగ్గా లేకపోతే కుట్టుపని చేసే మనిషికి తెలిసిపోతుంది.

ఒకసారి ఒకే సీటు ఇద్దరికి ఇచ్చేస్తోంది ప్రోగ్రాం. వారం రోజులుగా బావ తల పట్టుకున్నాడు.

"మొదటివాడు సీటు ఎంచుకున్నాడు," అన్నాడు.

"ఊఁ."

"తన పేరూ ఊరూ రాసుకుంటున్నాడు. ఈలోగా రెండోవాడొచ్చి చూశాడు. సీటు ఖాళీ అని చూపించింది."

"ఊఁ?"

"ఊఁ అని అడుగుతావేంటోయ్? వాడింకా పేరు రాస్తూ..." అని ఆగిపోయాడు బావ.

"పేరు రాసుకునేవాడు ముందు రుమాలు వేసుకోవద్దూ సీట్లో?" అంది అక్క, దారం కొరుకుతూ.

ఆ రాత్రే అది సరిచేశాడు. ఇప్పటికీ ఆ ప్రోగ్రాంలో సీటు పట్టి ఉంచే భాగం పేరు "రుమాలు". ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లు ఇదేం పేరని నవ్వుతారట.

ఇక నా సంగతి. చదువైపోయి ఏడు ఇంటర్వ్యూలు తప్పి, మొహం చెల్లక అక్కింట్లో పడ్డాను. చిన్నప్పట్నుంచీ అక్క కొంగు పట్టుకు తిరిగేదాన్నని బావ నన్ను "తోక" అనేవాడు. నాకు పని నేర్పింది ఆయనే. పుస్తకం మూసి, ఆ రోజు చదివింది నా మాటల్లో చెప్పమనేవాడు. "చదివితే వచ్చినట్టు కాదు తోకా, ఏమీ తెలియనివాళ్లకి చెప్పగలిగితే వచ్చినట్టు." ఏమీ తెలియనివాళ్లెవరు? అక్కే. వంటింట్లో నిలబడి అక్కకి చెప్పేదాన్ని, ఆవిడ ఊఁ కొట్టేది. ఆర్నెల్లు తిరక్కుండా ఎనిమిదో ఇంటర్వ్యూలో ఉద్యోగం కొట్టాను. ఇతరులు రాసిన ప్రోగ్రాంలలో తప్పులు పట్టే ఉద్యోగం. అక్క ఆ రోజు నా తల నిమిరి "మనిద్దరికీ వచ్చింది" అంది. ఆ "ఇద్దరికీ" ఏమిటో నేను అడగలేదు.

బావ గోడ మీద బెండుబోర్డు ఒకటి ఉండేది. అక్క దాన్ని దారాలు కట్టి మూడు గళ్లు చేసింది. "తర్వాత", "చేస్తున్నవి", "అయిపోయినవి". ఒక్కో పనికీ ఒక్కో చీటీ. మధ్య గడిలో మూడు చీటీలకి మించి ఉండకూడదు. అది బావ పెట్టిన శాసనం. "రెండు పడవల మీద కాళ్లు పెట్టినవాడే మునుగుతాడు, నాలుగు పడవలైతే చెప్పాలా?" అనేవాడు. నేను గురువుని మించిన శిష్యురాలిని. ఆయన మర్చిపోయినా నేను లెక్క చూసేదాన్ని, ఎక్కువైతే పీకి "తర్వాత"లో అంటించేదాన్ని. బావ నవ్వి ఊరుకునేవాడు.

ఒక మంగళవారం పొద్దున నేను ఆఫీసుకి బయల్దేరుతున్నాను. బావ చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని మీటింగులో ఉన్నాడు. బోర్డు మధ్య గడిలో నాలుగో చీటీ కనబడింది. కొలతలు గీసుకునే పసుపు కాగితం ముక్క, గుండుసూదితో గుచ్చి ఉంది. అక్క పెన్సిలు రాత. "నాతో ఒకసారి రావాలి."

నాకు నవ్వొచ్చింది. "ఏంటే అక్కా, నువ్వూ చేరావా? మహారాజుగారు ఎక్కడికి రావాలట?"

"ఒకచోటికి," అంది కాజా కుడుతూ.

"గుడ్డల కొట్టుకా?"

"తొందరేం లేదులే. ఆయన పని తెమిలాకే."

"అయితే రూలు రూలే," అని సూది పీకి, చీటీని "తర్వాత" గడిలో గుచ్చాను. "మా బావ దగ్గర సిఫార్సులు నడవవు."

"ఊఁ" అంది అక్క. నేను అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాను.

తర్వాత దాని మీద ఆఫీసు చీటీలు ఒకదాని మీదొకటి పడ్డాయి. నేను ఆ సంగతే మర్చిపోయాను. అక్క రమ్మన్నది ఆసుపత్రికి. కడుపులో నొప్పి. అప్పటికే నెల రోజులుగా ఉందట. నోటితో చెప్పొచ్చుగా అని నాకు ఈరోజుకీ అక్క మీద ఒళ్లు మండుతుంది. అరవాల్సింది, టైమరుని తీసి వీధిలోకి విసరాల్సింది. కానీ పదిహేడేళ్లు ఊఁ కొట్టిన మనిషికి తన మాట ఎలా మొదలుపెట్టాలో తెలియలేదేమో. ఆయన వినే చోటేదో చూసుకుని, ఆయన పద్ధతిలోనే చెప్పింది. ఆ చీటీని నేను పక్కకి తీసేశాను.

నాలుగు నెలలకి ఒక మధ్యాహ్నం మిషను మీదే ఒరిగిపోయింది. ఆసుపత్రిలో డాక్టరు "నొప్పి ఎన్నాళ్ల నుంచమ్మా?" అని అడిగింది. "ఐదు నెలలైందండీ," అంది అక్క, తప్పు చేసినదానిలా. డాక్టరు పెన్ను కింద పెట్టి బావ వైపు చూసింది. ముందే తీసుకొస్తే చెయ్యడానికి చాలా ఉండేదంది. తర్వాత ఆరు వారాలు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ ఆరు వారాలూ చూశాం. బావ సెలవు పెట్టి మంచం పక్కనే కూర్చున్నాడు. అప్పుడూ మాట్లాడింది ఆయనే, ఆవిడ వింటూ ఉంది. చివరి రెండు రోజులూ ఊఁ కూడా లేదు, వేలు కదిపేది.

అక్క పోయాక బోర్డు దించుతుంటే ఆ చీటీ బయటపడింది. మా పెద్దమ్మ అందరి ముందూ అంది, "నాతో రమ్మని రాసి పెట్టుకుందట పిచ్చిది. ఆ మహానుభావుడు పక్కన పడేశాడట." బావ తల దించుకుని "అవును, నేనే జరిపుంటాను" అన్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను. కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయాను.

మా ఆఫీసు ప్రోగ్రాంలలో ప్రతి లైనుకీ అది ఎవరు మార్చారో, ఏ రోజు మార్చారో రాసి ఉంటుంది. తప్పించుకోలేం. గోడ మీది చీటీకి అదేమీ లేదు. పదకొండు నెలలు ఆ ధైర్యంతోనే బతికాను.

ఈమధ్య నేను వేరే గదిలో ఉంటున్నాను. మొన్న ఆదివారం పొద్దున బావ ఇంటికి వెళ్లాను. టైమరు బల్ల మీద లేదు. మిషను మీద దుప్పటి కప్పి ఉంది. బావ చిక్కిపోయాడు. ఆఫీసులో కూడా పని నడవడం లేదట, ఎక్కడా తప్పు దొరకడం లేదట.

"కూర్చో తోకా. ఒకటి చెబుతాను, ఊఁ కొట్టు," అన్నాడు.

బోర్డుని ఒళ్లో పెట్టుకున్నాడు.

"మీ అక్క చీటీ రాసింది."

"ఊఁ."

"రాసి మధ్య గడిలో గుచ్చింది. ఇదిగో, ఇక్కడ చిల్లుంది. మిగతా చీటీలన్నీ జిగురువి, సూదితో గుచ్చింది అదొక్కటే. 'తర్వాత'లో ఇంకో చిల్లుంది. అంటే జరిగింది."

"ఊఁ."

"నాలుగోది కదా. నేను చూశాను, రూలు ప్రకారం తీసి ఇటు గుచ్చాను."

"ఊఁ?"

నేను అనాలనుకోలేదు. అదే పైకి లేచింది, అక్కది లేచినట్టే.

బావ ఆగిపోయాడు. నా వైపు చూశాడు. "ఊఁ అని అడుగుతావేంటి?" అన్నాడు మెల్లగా. "అదే నాకూ అంతుపట్టడం లేదు తోకా. ఆ సూది పట్టుకున్నట్టు నా చేతికి గుర్తులేదు. ఎన్నిసార్లు మొదట్నుంచి చెప్పుకున్నా ఇక్కడికొచ్చేసరికి అతకడం లేదు."

"మీరు కాదు బావా," అన్నాను. "నేను."

ఆ మంగళవారం అంతా చెప్పాను. నేను నవ్వింది, గుడ్డల కొట్టన్నది, సిఫార్సులు నడవవన్నది. పెద్దమ్మ ఆయన్ని అంటుంటే నేను గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది కూడా చెప్పాను. ఏడుపుతో మాట తెగిపోతోంది. ఆయన మధ్యలో అందుకోలేదు. "అంటే ఏంటంటే" అనలేదు. చూపు ఎటూ పోనివ్వలేదు.

"నేను తీసి గుచ్చుతుంటే అక్క ఊఁ అంది బావా. అది ఏ ఊఁనో నేను వినలేదు."

బావ బోర్డు మీది రెండు చిల్లుల మీదా రెండు వేళ్లు పెట్టాడు.

"ఊఁ..." అన్నాడు.