అవ్వ కిడ్నీ, అవ్వ కషాయం

ఇంటికి వచ్చిన మొదటి రోజే నన్ను కన్న అవ్వను గది బయట నిలబెట్టాను. ఆమె కిడ్నీ నా పొట్టలో కుడివైపు కుట్ల కింద ఉంది, ఆమె మాత్రం గుమ్మం దాటి రాకూడదు. మాస్కు పెట్టుకుని ఎవరైనా రావచ్చనే డాక్టరు చెప్పాడు. నేను దానికి ఇంకొంచెం కలిపి మూడు గజాల దూరం అన్నాను. ఒకసారి ఆమెకు పొడిదగ్గు వస్తే, "నన్ను చంపుతవా అవ్వా, అటు పో" అని అరిచాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, రెండో చేత్తో తన ఎడమ పక్క కుట్లు పట్టుకుని వంటింట్లోకి పోయింది. ఆపరేషన్ అయి ఆమెకు కూడా మూడు వారాలే అయింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

మేముండేది నిజామాబాద్‌లో, రెండు గదుల కిరాయి ఇంట్లో. బోధన్ రోడ్డు మీద నాకు సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం ఉంది. అటువైపు చెరకు ఊళ్లలో కాలువలో పడ్డ ఫోన్లు, ట్రాక్టరు కింద పడ్డ ఫోన్లు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. రెండేళ్లపాటు వారానికి మూడు రోజులు డయాలసిస్ మంచం మీద పడుకుని, మిగతా రోజుల్లో వాటిని బాగుచేశాను. చివరికి పట్నంలో ఆపరేషన్ అయింది. బాపు పోయాక ఏర్గట్ల దగ్గర మా పసుపు చేను చూసుకునేది అవ్వే. పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఆ పని చుట్టాల మీద వదిలేసి వచ్చింది, నాకు కిడ్నీ ఇచ్చింది, ఇచ్చాక నాకే వండిపెట్టడానికి ఉండిపోయింది. నా భార్య ప్రైవేటు బడిలో టీచరు. సెలవులన్నీ ఆస్పత్రిలోనే అయిపోయాయి కాబట్టి పొద్దున ఎనిమిదిన్నరకల్లా వెళ్లిపోయేది.

చూడ్డానికి వచ్చినవాళ్లు కిటికీ దగ్గర నిలబడేవాళ్లు. ప్రతి ఒక్కరిదీ ఒకటే ప్రశ్న, "ఒంటికి మంచిగ పోతున్నదా?" అని. నేనెన్ని లీటర్లు పోశానో నా భార్య రోజూ ఒక కాగితం మీద రాసి గోడకు అతికించేది. ఒక పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని అదంతా చదివి, "మస్తు పోతున్నది" అని చెరువు నిండినంత సంబరపడ్డాడు. అందరూ నాది రెండో జన్మ అన్నారు. ఆ కిటికీ కిందే చాప మీద కూర్చున్న అవ్వను చాయ్ అడిగారు. ఆమె గోడ పట్టుకుని, కొంచెం లేచి, ఆగి, మళ్లీ లేచేది. నాకు కిటికీలోంచి కనిపించేది. కనిపించినా "నాకు గూడ ఒక కప్పు" అని కేకేసేవాణ్ని.

మందుల వల్ల కోపం ఎక్కువవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. నాకది భలే కలిసొచ్చింది. నోటికొచ్చిందల్లా అని, మందుల మీదికి నెట్టేవాణ్ని. నిజం చెప్పాలంటే మందులు మొదలుపెట్టక ముందు కూడా నేనింతే.

ఆస్పత్రి నుంచి పంపించే రోజు డాక్టరు మా ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పాడు. "మీ శరీరం ఈ కిడ్నీని పరాయిది అనుకుంటుంది. పరాయిది అనుకుని దాని మీద దాడి చేస్తుంది. అందుకే ఒంట్లో ఎదిరించే శక్తిని ఈ మందులతో తగ్గిస్తాం. బతికున్నంత కాలం వేసుకోవాలి, ఒక్క పూట కూడా మానొద్దు." అవ్వకు మందుల సంగతి ఎక్కలేదు. 'పరాయిది' అన్న మాట మాత్రం ముల్లులా దిగింది. కారు కామారెడ్డి దాటింది. తర్వాత ఉన్నట్టుండి అన్నది: "తొమ్మిది నెలలు నా కడుపుల ఉన్నోనికి నా కిడ్నీ పరాయిదెట్లయితది? గా సారుకు అవ్వ లేదా?"

మేం నవ్వాం. ఆమె నవ్వలేదు. ఎవరిదో కిడ్నీ పెట్టించుకున్నవాళ్లకు ఆ మందులు కావాలి గాని, కన్నతల్లిది పెట్టించుకున్నవాడికి ఎందుకని ఆమె లెక్క. పైగా రెండేళ్లు మంచాన పడి లేచినవాడికి బలం రావడానికి మందివ్వాలి గాని, బలం తగ్గడానికి ఎవరైనా ఇస్తారా? పక్క సందులో ఒక వేపచెట్టుకు తిప్పతీగ పాకి ఉంది. కరోనా రోజుల్లో ఊరంతా దాన్నే మరిగించి తాగింది. అవ్వ కుట్లు పట్టుకుని ఆ చెట్టు దాకా నడిచి, తీగ తెంపుకొచ్చి, ఇన్ని మిరియాలు, ఒక పచ్చి పసుపు కొమ్ము దంచి వేసి కషాయం కాచింది. నా భార్య బడికి పోయాక గుమ్మం దగ్గర స్టూలు మీద గ్లాసు పెట్టింది.

"కోడలికి చెప్పకు బిడ్డా. గా గోలీలు నీ బలం గుంజుతున్నయి. గిది తాగు, నా కిడ్నీ నీకు మంచిగ అతుకుతది."

తిప్పతీగ ముట్టుకోవద్దని ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితంలో ఉంది. నేను చదివాను, అవ్వకు చదువు రాదు. "ఇది నాకు విషమే అవ్వా" అని ఒక్క మాటంటే మానేసేది. అనలేదు. అంటే కాసేపు ఏడుస్తుంది, నేను ఓదార్చాలి. నా బాత్రూంలో సింకు ఉంది. కషాయం అందులో పోసి, చేదుకు మొహం ముడిచినట్టు నటించి, ఖాళీ గ్లాసు స్టూలు మీద పెట్టాను. ఆమె మొహం వెలిగిపోయింది. మర్నాడు మళ్లీ తీగ కోసం నడిచింది. ఆ నడక పనికిరానిదని తెలిసీ పదకొండు రోజులు నడవనిచ్చాను.

ఆ సింకులో అప్పటికే ఇంకోటి కూడా పోతోంది. నా పొద్దటి మందు.

ఇంటికొచ్చిన వారానికే నా చేతులు వణకడం మొదలైంది. కొన్నాళ్లకు తామే మందు మోతాదు తగ్గిస్తామని, అప్పుడు అదే పోతుందని, ఓపిక పట్టమని డాక్టరు అన్నాడు. నాకు ఓపిక లేదు. మంచం మీద ఒక పాత ఫోను విప్పి కూర్చుంటే, ఆవగింజలో సగం ఉండే స్క్రూ పట్కారులో నిలవలేదు. మూడుసార్లు పక్కలో పడింది. చెయ్యి వణికేవాడి చేతికి తన ఫోను ఎవడిస్తాడు? ఆ రోజు నిజంగా ఏడ్చాను. కిడ్నీ పెట్టించుకున్నప్పుడు కూడా అంత ఏడవలేదు. రాత్రి మందుకు నా భార్య ఎదురుగా నిలబడేది కాబట్టి పారేయడం కుదిరేది కాదు. పొద్దున తొమ్మిదికి మాత్రం బళ్లోంచి ఫోను చేసేది.

"ఏసుకున్నవా?"

"ఏసుకున్న."

నాలుగో రోజుకు వణుకు తగ్గింది, స్క్రూ నిలిచింది. లోపల కిడ్నీకి ఏమవుతోందో పట్కారు చెప్పదు కదా.

తర్వాత గోడ మీద కాగితంలో లీటర్లు తగ్గాయి. కాళ్లు ఉబ్బాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ రెట్టింపు వచ్చింది. ముగ్గురం పట్నం పరిగెత్తాం. డాక్టరు రిపోర్టు చూసి, "మందు రక్తంలో చాలా తక్కువ ఉంది. మానేశారా?" అని అడిగాడు.

"లేదు సార్" అన్నాను.

"మరి ఆకు పసర్లు, కషాయాలు ఏమైనా తాగారా?"

లేదని నా భార్య చెప్పబోతుంటే వెనక నుంచి అవ్వ అన్నది, "నేనే ఇచ్చిన సారూ. తిప్పతీగ. రోజుకొక గ్లాసు."

డాక్టరు కాగితం బల్ల మీద పడేశాడు. "మీరే ఇచ్చి మీరే తీసుకుంటున్నారా అమ్మా?"

అవ్వ తలూపింది. అదేదో జవాబు చెప్పాల్సిన ప్రశ్న అనుకున్నట్టుంది. నా భార్య ఆమె వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. నేను నోరు తెరవడానికి చాలా సమయం ఉండింది. తెరిచాను కూడా. "ఎంత చెప్పినా వినదు సార్" అన్నాను.

మళ్లీ ఆస్పత్రిలో పడ్డాను. సూది గుచ్చి కిడ్నీ ముక్క తీశారు, ఇంజెక్షన్లు చేశారు. దాడి ఆగింది. పోయింది మాత్రం పోయింది. రావాల్సినన్నేళ్లు ఈ కిడ్నీ రాకపోవచ్చని డాక్టరు మెల్లగా చెప్పాడు. ఇంటికి రాగానే నా భార్య అవ్వ సంచి సర్ది గుమ్మం దగ్గర పెట్టి, "అత్తమ్మా, మీరు ఊరికి పోండ్రి" అన్నది. అవ్వ సంచి ఎత్తుకుని చెప్పులు వేసుకుంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

ఊళ్లో ఆమెకు పేరు పడింది, కొడుకుకు ఇచ్చి మళ్లీ గుంజుకున్నదని. ఆ పేరు ఎవరో పెట్టలేదు. ఆమే నలుగురిలో చెప్పుకుంది. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదన్నా పోయి, "నా అసొంటి తెలివిలేని పని చేయకుండ్రి" అని చెప్పి వచ్చేదట. మందులు సరిగ్గా వేసుకుంటే మళ్లీ మొదలైన నా చేతి వణుకు రెండు నెలలకు, మోతాదు తగ్గించాక, డాక్టరు చెప్పినట్టే దానంతటదే పోయింది. దుకాణం తెరిచాను.

నాలుగు నెలలు అయ్యాక సిగ్గు భరించలేక ఊరికి పోయాను. అవ్వ అరుగు మీద కూర్చుని పల్లికాయలు వలుస్తోంది. పక్కన కూర్చుని, చెప్పాల్సింది ఒక్క దమ్ములో చెప్పేశాను.

"అవ్వా, నీ కషాయం నేను ఒక్క గుటక గూడ తాగలే. సింకుల పోసిన. గోలీలు గూడ సింకులనే పారేసిన. కిడ్నీ ఖరాబు చేసింది నేను. నువ్వు గాదు."

ఆమె వలవడం ఆపి నన్ను చూసింది. తర్వాత నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

"నా తప్పు నీ నెత్తినేసుకుంటున్నవా కొడుకా?"

"నిజం అవ్వా, నీ మీద ఒట్టు."

"గ్లాసు ఖాళీగ పెట్టినవు, నేను సూడలేదా? చేదుకు మొఖం గూడ ముడుస్తివి."

ఇంకో రెండుసార్లు చెప్పాను. చెప్పిన కొద్దీ ఆమె మొహంలో సంతోషం పెరిగింది. నా తల నిమిరి, పక్కింటామెను కేకేసి పిలిచింది. "ఓ పిల్లా, ఇటు రా. నా పానం బాధపడొద్దని నా కొడుకు ఎట్లెట్ల అబద్ధాలు చెప్తుండో ఇను." వినడానికి పక్కింటామె వచ్చి అరుగు మీద కూర్చుంది. ఆమె ముందు ఇంకొక్కసారి చెప్తే అయిపోయేది. అవ్వ అప్పటికే లోపలికి పోయి నాకు అన్నం పెట్టుకొచ్చింది.

"ఉంటె గిసొంటి కొడుకు ఉండాలె" అన్నది పక్కింటామె.

నేను అన్నం కలుపుకున్నాను.