అయిదు నిమిషాల్లో రాగల మనిషి

మా అత్త ఏ ఇంటికి వెళ్ళినా పసిబిడ్డకు నీళ్ళు పోసే వేళకే వెళ్తుంది. ఏ ఇంట్లో ఆ పని ఎప్పుడు చేస్తారో ముందుగా కనుక్కుని, సరిగ్గా ఆ సమయానికి తలుపు తడుతుంది. "ఏమ్మా, నీళ్ళు కాగాయా? ఉండు, నేనూ ఒక చెయ్యి వేస్తాను" అంటూ చేతులు పైకి మడుచుకుని కూర్చుంటుంది. ఇక బిడ్డ బట్టలు విప్పమని ఎవరినీ అడగనక్కరలేదు. సబ్బు రాస్తూ రాస్తూ చెవుల వెనక చూస్తుంది. మెడ కింద, జబ్బల లోపలివైపు, వీపు మీద చూస్తుంది. మోకాలి మీదో నుదుటి మీదో దెబ్బ ఉంటే ఆమె కంగారుపడదు. నడక నేర్చే పిల్లలు పడుతూనే ఉంటారు. పడితే తగలని చోట మచ్చ ఉంటేనే ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. ఆ ఆగడం తల్లి కంట పడకుండా చూసుకోవడం నేర్చుకోవడానికి తనకు మూడేళ్ళు పట్టిందని చెప్పింది.

ఆమెది పిల్లల సంక్షేమ కార్యాలయంలో ఇళ్ళు తిరిగే ఉద్యోగం. చేరి పందొమ్మిదేళ్ళయింది. అంతకుముందు ప్రసూతి ఆసుపత్రిలో ఆయాగా చేసింది. ఎవరైనా ఏం చేస్తుంటారని అడిగితే, "ఇళ్ళకెళ్ళి నీళ్ళు పోస్తుంటాను" అంటుంది. నవ్వాలో జాలిపడాలో తెలియక వాళ్ళు మాట మారుస్తారు. మా నాన్న మాత్రం ఊరుకోడు. "ఊళ్ళో పిల్లలందరి వీపులూ తోముతావు, సొంత తమ్ముడి వీపు ఒక్కసారైనా తోమావా అక్కా?" అంటాడు. "నీ వీపు తోమడానికి సబ్బు చాలదురా, బట్టల బ్రష్షు కావాలి" అని ఆమె బదులిస్తుంది.

ఇంత సరదా మనిషి మహా పిరికిదని చాలామందికి తెలియదు. స్నానానికి వెళ్తే ఫోన్‌ని ప్లాస్టిక్ కవరులో చుట్టి వెంట తీసుకుపోతుంది. అది మోగగానే హలో అనదు, పేరు అడగదు. "బిడ్డ ఎక్కడుంది?" అంటుంది. నేను చేసినా అంతే.

"నేనే అత్తా."

"ఓ, నువ్వా! అన్నం తిన్నావా?"

ఆ రెండు మాటల మధ్య ఆమె ఊపిరి వదలడం నాకు వినిపిస్తుంది. రెండేళ్ళ కిందటి దాకా ఇలా ఉండేది కాదు. ఎందుకిలా మారిందో ఒకనాడు గిన్నెలు తుడుస్తూ ఆమే చెప్పింది.

అప్పట్లో ఆమె చూస్తున్న ఇళ్ళలో ఒకటి రెండో అంతస్తులో రెండు గదుల వాటా. తల్లికి ఇరవై రెండేళ్ళు. పెళ్ళికి ముందు చెప్పుల దుకాణంలో పనిచేసేది. భర్త లారీ డ్రైవరు, బండి ఎక్కితే పది రోజుల దాకా తిరిగి రాడు. పుట్టింటివైపు ఎవరూ లేరు. బిడ్డకు రెండో నెల టీకా వేసేటప్పుడు నర్సుకు బిడ్డ జబ్బ మీద వేళ్ళ గుర్తులు కనిపించాయి. నర్సు వెంటనే కార్యాలయానికి ఫోన్ చేసింది. బిడ్డను ఆసుపత్రిలో ఉంచి అన్ని పరీక్షలూ చేశారు. ఇంకెక్కడా ఏ దెబ్బా లేదు. తల్లి అబద్ధమాడలేదు. "మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ఏడుస్తూనే ఉంటుందండీ. ఏం చేసినా ఆపదు. ఆరోజు గట్టిగా పట్టేసుకున్నాను. నా చేతులు చూస్తే నాకే భయంగా ఉంది" అని చెప్పింది.

కార్యాలయం ముందు రెండు దారులున్నాయి. బిడ్డను తీసుకెళ్ళి శిశుగృహంలో ఉంచడం ఒకటి. తల్లి దగ్గరే ఉంచి, ఆమెకు ఆసరా ఏర్పాటు చేసి, వారానికి మూడుసార్లు వెళ్ళి చూసుకోవడం రెండోది. కార్యాలయం పెద్దమేడం అత్తను అడిగింది.

"నీకేమనిపిస్తోంది?"

"తన చేతులంటే తనకే భయమన్న తల్లి దగ్గర బిడ్డను ఉంచొచ్చు మేడం. నేను చూసుకుంటాను."

ఆ మాట మీదే పెద్దమేడం సంతకం పెట్టింది.

ఇలాంటి ఇళ్ళలో ఒక కాగితం రాసి తలుపుకు లోపలివైపు అంటిస్తారు. కోపం తలకెక్కినప్పుడు తల్లి ఏం చేయాలో అందులో ఉంటుంది. బిడ్డను కటకటాల మంచంలో వెల్లకిలా పడుకోబెట్టు. గది తలుపు దగ్గరగా వేసి బయటికి రా. ఫోన్ చెయ్యి. అయిదు నిమిషాలకోసారి వెళ్ళి చూసి రా, ఎత్తుకోకు. అన్నిటికన్నా కింద ఒక గడి ఉంటుంది: అయిదు నిమిషాల్లో రాగల మనిషి. నడిచి రాగల దూరంలో ఉన్న ఎవరో ఒకరి పేరు అందులో రాయాలి.

అత్త ఎదురు వాటా వైపు చూపించింది. అక్కడ బట్టలు కుట్టే ఒకావిడ ఉంటుంది. అందరూ టైలరమ్మ అంటారు. రెండు తలుపుల మధ్య దూరం ఏడడుగులు.

"అయ్యో, ఆవిడ మాత్రం వద్దక్కా!" అని చెయ్యి పట్టుకుంది తల్లి. "ఆవిడ మిషను చప్పుడుకే ఇది లేస్తుంది. ఒకరోజు ఒళ్ళు మండి, నీ మిషను తగలెయ్య అన్నాను. అప్పట్నుంచి ఇది ఏడిస్తే చాలు, ఆవిడ తలుపు ధడాలున వేస్తుంది. నేను బిడ్డని నలిపేశానని తెలిస్తే మెట్ల మీద నన్ను బతకనివ్వదు. మీరున్నారుగా అక్కా. మీ పేరు రాయండి."

అత్త తన పేరు రాసింది.

"ఎందుకు రాశానో తెలుసా?" అని నన్ను అడిగి, జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది. "మీరున్నారుగా అంటే బాగుందే నాకు. అప్పటికే పదిహేడేళ్ళ సర్వీసు, ఎంతమందికి శిక్షణ ఇచ్చానో! కొత్తగా చేరిన పిల్ల అలా రాసుకొస్తే కాగితం మొహాన కొట్టేదాన్ని. మా ఆఫీసు నుంచి ఆ ఇంటికి బస్సులో నలభై నిమిషాలు."

ఇంకో తప్పు కూడా చేసింది. అయిదు నిమిషాలకోసారి చూసి రమ్మనే మాట దగ్గర ఆ తల్లి తటపటాయించింది. "లోపలికెళ్తే మళ్ళీ ఎత్తుకుంటానేమో అక్కా" అంది. అత్త ఆ వాక్యం కొట్టేసి, "నేను వచ్చేదాకా లోపలికి వెళ్ళకు" అని రాసింది.

మూడు వారాలు బాగానే గడిచాయి. బిడ్డ బరువు పెరిగింది. అత్తను చూసి బోసినోటితో నవ్వడం మొదలుపెట్టింది. నాలుగో వారంలో ఒక మధ్యాహ్నం, రెండుంబావుకు ఫోన్ వచ్చింది.

"అక్కా, పడుకోబెట్టాను. బయటికొచ్చేశాను. మెట్ల మీద కూర్చున్నాను."

"మంచి పని చేశావమ్మా. వస్తున్నాను. ఫోన్ పెట్టెయ్యకు."

వెనక బిడ్డ ఏడుపు వినిపిస్తోంది. గొంతు చించుకుని ఏడుస్తోంది. అత్త మెట్లు దిగి పరుగెత్తి బస్సెక్కింది. దారంతా మాట్లాడిస్తూనే ఉంది. పొద్దున ఏం తిన్నావు? రాత్రి ఎంతసేపు పడుకున్నావు? మీ ఆయన ఎక్కడిదాకా వచ్చాడు? తల్లి ఒక్కో మాటే జవాబు చెబుతోంది. పావుగంట గడిచింది. రోడ్డు తవ్విన చోట బస్సు నిలిచిపోయింది. ఇంజను కూడా ఆపేశారు.

అప్పుడు అత్తకు ఏమీ వినిపించలేదు.

"అమ్మా, బిడ్డ ఏడుపేదీ?"

"ఆపేసిందక్కా."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. ఒక్కసారిగా ఆపేసింది." ఆ గొంతులో తేలికదనం ఉంది. "మూడు నెలలకి దేవుడు నా మొర విన్నాడు."

అలసిపోయి నిద్రపోయే బిడ్డ మెల్లమెల్లగా ఆపుతుంది. మధ్యలో వెక్కుతుంది. మళ్ళీ ఒకసారి మూలుగుతుంది. ఒక్కసారిగా ఆపేసిందంటే మొహం మీద గుడ్డ పడిందో, కటకటాల మధ్య ఇరుక్కుందో. ఇంకొకటి కూడా కావచ్చు. ఆ ఇంకొకటి అడగడానికి అత్తకు నోరు రాలేదు. కోపంలో ఊపేసిన బిడ్డ కాసేపు ఏడ్చి, తర్వాత ఆపేస్తుంది. ఆసుపత్రిలో ఒకసారి చూసింది. తల్లి ఆ బిడ్డను నిద్రపోతోందనుకుని మూడు గంటలు అలాగే వదిలేసింది.

"అమ్మా, నిన్నేమీ అనను. నిజం చెప్పు చాలు. పడుకోబెట్టే ముందు ఏమైంది?"

"పాలు పట్టాను. తాగలేదు."

"ఊపావా?"

"ఎత్తుకున్నాను. చంకల కింద పట్టుకుని పైకెత్తాను. నోరు ముయ్యవే అని అరిచాను. ఊపానో లేదో నాకు గుర్తు లేదక్కా. గుర్తు రావట్లేదు."

బస్సు కదల్లేదు. పక్క సీటులో కళ్ళజోడు పెట్టుకున్న ఒక పెద్దావిడ నోరు తెరుచుకుని అత్తనే చూస్తోంది. అత్త తన ఫోన్‌ని భుజంతో నొక్కిపట్టి, సంచీలోంచి కాగితం తీసి చిరునామా రాసి ఆమె చేతిలో పెట్టింది. "అమ్మా, మీకు పుణ్యముంటుంది. మీ ఫోన్‌లోంచి అంబులెన్సుకి చెయ్యండి. మూడు నెలల బిడ్డ అని చెప్పండి." ఆవిడ ఏమీ అడగకుండా నంబరు నొక్కింది.

బిడ్డను ఎవరో చూడాలి, ఇప్పుడే చూడాలి. తల్లిని లోపలికి పంపితే? ఊపిరి లేని బిడ్డను చూస్తే ఆ పిల్ల ఏం చేస్తుంది? ఊపిరి ఉండి, లేచి, మళ్ళీ గుక్కపెడితే ఆ చేతులు ఏం చేస్తాయి? పంపకపోతే ఒక్కో నిమిషమూ పోతోంది.

"లేచి ఎదురు తలుపు కొట్టు."

"ఎవరిది?"

"టైలరమ్మది."

"అక్కా, వద్దని చెప్పానుగా!"

"కొట్టమన్నాను. రెండు చేతులతో కొట్టు. ఫోన్ ఆవిడకివ్వు."

తలుపు కొట్టిన చప్పుడు వినిపించింది. ఆగకుండా కొడుతూనే ఉంది. మిషను ఆగింది. గడియ తీసిన చప్పుడయింది.

"ఏంటి? ఇవాళ తలుపు కూడా తగలెడతావా?"

"మీతో... మాట్లాడతారట."

"ఎవరు? పోలీసులా?"

"అమ్మా, నేను పిల్లల ఆఫీసు నుంచి. మీరు ఇప్పుడే ఎదురింట్లోకి వెళ్ళి లోపలి గదిలో బిడ్డను చూడండి. పరుగెత్తండి."

టైలరమ్మకు నోరెంతుందో కాళ్ళూ అంతే చురుకు. చెప్పుల చప్పుడు, తలుపు కిర్రుమనడం వినిపించాయి. తర్వాత ఆవిడ గొంతు దూరం నుంచి వచ్చినట్టు వినిపించింది.

"పడుకుందిగా. తువ్వాలు మూతి మీదికి లాక్కుంది. తీసేశాను. పడుకునే ఉంది."

"ఊపిరి ఉందా? పొట్ట చూడండి, పొట్ట!"

"ఉంది. కదులుతోంది. కాస్త మెల్లగా కదులుతోంది."

"లేపండి."

"అదేంటమ్మా! ఇందాకట్నుంచీ ఏడ్చి ఏడ్చి ఇప్పటికి కన్నుమూసిన పిల్లని లేపమంటావు, నీకేమైనా మతిపోయిందా? నలుగుర్ని కన్నాను, నిద్రపోయే బిడ్డని లేపమన్నవాళ్ళని చూళ్ళేదు."

"లేపండమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. అరికాలు మీద చిటికెయ్యండి. నాకు ఏడుపు వినపడాలి."

చిటిక చప్పుడు వినిపించింది. ఏమీ లేదు. మళ్ళీ చిటిక. "లేవట్లేదే..." అంది టైలరమ్మ. "ఏయ్ బంగారూ! లేమ్మా, లే! ఇన్నాళ్ళూ నా మిషను మీద కేసు పెట్టినట్టు ఏడ్చేదానివి, ఇప్పుడేమైందే నీకు? ఏడువే తల్లీ!"

బస్సులో అందరూ అత్త వైపు తిరిగారు. డ్రైవరు కూడా వెనక్కి తిరిగి చూస్తున్నాడు.

ముందు చిన్న వెక్కు వినిపించింది. తర్వాత ఇంకొకటి. ఆ తర్వాత మొదలైంది ఏడుపు. ఆ గొంతు చెవులు చిల్లులు పడేలా ఉంటుందని అత్త అంతకుముందు ఎన్నోసార్లు అనుకుంది. ఇప్పుడు ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకుని, బస్సు మెట్టు మీద కూలబడి వింది.

అంబులెన్సు అత్త కంటే ముందే చేరింది. ఆమె ఆసుపత్రికి వెళ్ళేసరికి డాక్టరు బిడ్డ కళ్ళు పరీక్షించి, తల ఫొటో తీయించి ఉన్నాడు. లోపల ఏమీ కాలేదన్నాడు. అయినా ఆ రాత్రికి కళ్ళముందే ఉంచుకుంటానన్నాడు.

పెద్దమేడం కూడా వచ్చింది. అత్త వరండాలో నిలబడి ఏదీ దాచకుండా చెప్పింది. గడిలో ఎవరి పేరు రాసిందో, ఏ వాక్యం కొట్టేసిందో, ఎందుకు కొట్టేసిందో. అంతా విని పెద్దమేడం, "ఇకనుంచి ఈ ఇంటికి ఇద్దరు వెళ్ళాలి. కొత్త కాగితం నువ్వు రాయొద్దు" అంది. బిడ్డను ఎక్కడ ఉంచాలో రెండు రోజుల తర్వాత అందరూ కూర్చుని నిర్ణయించాలంది. అప్పటిదాకా తల్లి ఒంటరిగా ఉండకూడదంది.

"నేనుంటాలే. మిషను ఎక్కడికీ పారిపోదు" అంది టైలరమ్మ. అంతసేపూ బిడ్డ ఆవిడ భుజం మీదే ఉంది. తల్లి గోడవైపు తిరిగి, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

డాక్టరు వచ్చి, "పాలిచ్చే వేళయింది. తల్లి ఎవరు?" అన్నాడు.

ఆ పిల్ల కదల్లేదు. "నాకివ్వకండి. ఆవిడ దగ్గరే ఉండనివ్వండి" అంది.

"అలాగంటే ఎలా? పాలు నేనిస్తానా?" అంది టైలరమ్మ.

అత్త వెళ్ళి ఆ పిల్ల పక్కన కూర్చుంది. బిడ్డను అందుకుని తల్లి ఒళ్ళో పెట్టింది. తన రెండు అరచేతులూ మాత్రం బిడ్డ కిందే ఉంచింది. తల్లి చేతులు మెల్లగా వచ్చి బిడ్డను చుట్టుకున్నాయి. బిడ్డ చప్పరించడం మొదలుపెట్టింది. పెద్దమేడం, టైలరమ్మ, డాక్టరు ముగ్గురూ నిలబడి ఆ చేతులనే చూస్తున్నారు.

"ఇక తీసెయ్యండక్కా, పట్టుకున్నాను" అంది ఆ పిల్ల.

అత్త అక్కడితో ఆగి తుడిచిన గిన్నెనే మళ్ళీ తుడవసాగింది.

"తీసేశావా అత్తా?" అని అడిగాను.

"తియ్యకపోతే ఎలాగే? తియ్యాలి" అంది. "కానీ ఆ రోజు నాకు తియ్యబుద్ధి కాలేదు. బిడ్డ పాలు తాగడం అయిపోయాక, ఆ పిల్ల ఇంకోసారి అడిగితే అప్పుడు తీశాను."