పన్నెండు మంది లెక్క

అరబ్బు దేశంలో ఖైతాన్ అనే చోట, ఆ ఆడపిల్లల గవర్నమెంటు బడి మొదలైన దగ్గర్నుంచీ ఎవరెవరు పనిచేశారో చెప్పమంటే, కాగితాలు తిరగేయకుండా చెప్పగలిగిన మనిషి ఒక్కతే ఉండేది. ఆమె పెద్ద టీచరు కాదు, ఆఫీసు గుమాస్తా కాదు. వరండాలు తుడిచే షరీఫా బీ. ఊరు రాయచోటి. వయసు కాగితం మీద యాభై నాలుగు, నిజానికి ఇంకో మూడేళ్లు వేసుకోండి.

పంతొమ్మిదేళ్లు అదే బడిలో తుడిచింది. భర్త ఖాసిం వలి లారీ బోల్తాపడి పోయినప్పుడు కూతురు సైరాకు రెండేళ్లు. బిడ్డను అక్క ఒళ్లో పెట్టి విమానమెక్కింది. ఆనాటి నుంచీ ఖైతాన్ పిల్లలకు షూ లేసులు కట్టింది, ముక్కులు తుడిచింది, వాంతులు కడిగింది. సైరా లేసులు ఎవరు కట్టారో ఆమెకు తెలియదు. ఆ సంగతి ఎత్తితే మాట మార్చేసేది.

ఇప్పుడు సైరా కడపలో నర్సింగు చదువుతోంది. ఆఖరి సంవత్సరం. "ఇంకొక్క ఏడాది అల్లా నా కాళ్లు ఆడిస్తే చాలు" అని షరీఫా బీ రోజూ అనుకునేది. మోకాళ్లు అరిగిపోయాయి, మెట్లెక్కితే కటకట చప్పుడు. అయినా ఆ ఒక్క ఏడాది కోసం పళ్లబిగువున లాక్కొస్తోంది.

గవర్నమెంటు బడిలో పనంటే గవర్నమెంటు ఉద్యోగం అనుకునేరు. అంత అదృష్టమా? పాఠాలు చెప్పే టీచర్లకు జీతం మినిస్ట్రీ ఇస్తుంది. పుస్తకాలు, బల్లలు, ఏసీలు అన్నీ మినిస్ట్రీవే. ఊడ్చే పని మాత్రం కాంట్రాక్టు. ఏ కంపెనీ తక్కువకు చేస్తానంటే నాలుగైదేళ్లు దానిది. కంపెనీ మారినప్పుడల్లా ఆడవాళ్ల ఒంటి మీది కోటు రంగు మారుతుంది, ఇఖామా మీద, అంటే అక్కడ ఉండనిచ్చే కార్డు మీద, కంపెనీ పేరు మారుతుంది. షరీఫా బీ నీలం కోటుతో మొదలుపెట్టి, పచ్చ, వంకాయ రంగు దాటి, బూడిద రంగుకు వచ్చింది. ఆ కాంట్రాక్టు వీసా బయట ఇంకెక్కడా చెల్లదు. కంపెనీ వద్దంటే ఇంటికే.

బడిని నడిపే పెద్దావిడను అక్కడ ముదీరా అంటారు. వినడానికి పెద్ద హోదా. కానీ ఆ ముదీరాకు ఒక తుడిచే మనిషిని పెట్టుకునే హక్కు లేదు, తీసేసే హక్కు లేదు. ఆమె పైన మంతిఖా ఉంటుంది. అంటే ఆ చుట్టుపక్కల బళ్లన్నిటి మీదా అజమాయిషీ చేసే ఆఫీసు. మంతిఖా పైన మినిస్ట్రీ. తుడిచేవాళ్ల విషయంలో ముదీరా చేతిలో ఉన్నదల్లా నెలకొక కాగితం. "ఈ నెల మా బడిలో పన్నెండు మంది పనిచేశారు" అని రాసి ఉంటుంది. కింద సంతకం పెట్టాలి, అంతే.

పని చేసింది ఏడుగురు. కంపెనీ పంపేదే ఏడుగురిని. మిగిలిన ఐదుగురు కాగితం మీద తుడిచేవాళ్లు. ఆ ఐదుగురి వరండాలు, ఐదుగురి మరుగుదొడ్లు ఈ ఏడుగురి నడుముల మీద పడేవి. పాత ముదీరాలు నలుగురూ చూసీ చూడనట్టు సంతకం పెట్టేశారు. ఎందుకు పెట్టారంటే, మంతిఖా వాళ్లు ఏడాదికోసారి పెద్ద ఫారం పట్టుకుని వచ్చి బడిని కొలుస్తారు. పిల్లల పాస్ శాతం ఎంత, టీచర్లు ఎలా చెబుతున్నారు, నీళ్ల కూలర్లు పనిచేస్తున్నాయా, మరుగుదొడ్లు శుభ్రమేనా, అన్నిటికీ మార్కులు. ఎక్కడ లోటు కనిపిస్తే అక్కడ మార్కు తెగుతుంది. అందుకని మంతిఖా వస్తోందంటే బడిలో ఏ లోటూ ఉండకూడదు. పగిలిన అద్దం మీద పిల్లల బొమ్మలు అతికించేవాళ్లు. పాడైన కొళాయి ఉన్న గదికి తాళం. తుడిచేవాళ్లు తక్కువైతే రెండు వీధుల అవతలి మగపిల్లల ప్రైమరీ బడి నుంచి ఐదుగురిని తెచ్చి నిలబెట్టేవాళ్లు. ఆ బడికి కొలతలు వచ్చిననాడు వీళ్లలో ఐదుగురు అక్కడికి. కంపెనీ సూపర్‌వైజరు హారూన్ మైక్రోబస్ వేసుకొచ్చి, "యల్లా ఖాలా, ఎక్కు" అనేవాడు, పద పిన్నీ అని. వాడిదీ రాయచోటే, షరీఫా బీ వాళ్ల వీధి వెనక వీధి. చిన్నప్పుడు ముక్కు కారుతూ తిరిగిన వాడిని ఆమె ఎరుగును.

పంతొమ్మిదేళ్లు ఇలా నడిస్తే మనిషికి ఏం ఒంటబడుతుంది? బడి మీద ప్రేమ ఉంటే బడి లోటు దాచాలని ఒంటబడుతుంది. షరీఫా బీకి ఎముకల్లోకి దిగిన చదువు అది ఒక్కటే.

కిందటి సెప్టెంబరులో ఐదో ముదీరా వచ్చింది. పేరు మునీరా. చిన్న వయసు, సన్నటి మనిషి, నడక మాత్రం చరచరా. మొదటి వారమే తుడిచేవాళ్లనందరినీ వరండాలో నిలబెట్టి పేర్లు అడిగింది. అంతకు ముందు నలుగురిలో ఎవరూ అడగలేదు. షరీఫా బీకి కూతురుందని తెలిసి ఆ రోజు నుంచీ "ఉమ్ సైరా" అని పిలిచేది. సైరా తల్లీ అని. ఒకరోజు షరీఫా బీ బకెట్ మోస్తూ మెట్ల మీద ఆగిపోతే, ముదీరా తన చేతి ఫైళ్లు కింద పెట్టి బకెట్ అందుకుంది. ఇంకేం కావాలి ఆ పిచ్చి తల్లికి? ఆ అమ్మాయి కోసం ప్రాణమైనా ఇచ్చేట్టు అయిపోయింది. రాత్రి ఫోన్లో సైరాతో, "మా అబ్లా బంగారమ్మా, ఈసారి మా బడికి మొదటి నంబరు రావల్ల" అనేది. అక్కడ పిల్లలు టీచరమ్మను అబ్లా అంటారు, ఈమెకూ అదే అలవాటు.

ఆ అబ్లా నెలాఖరు కాగితం వచ్చినప్పుడు పన్నెండు కొట్టేసి ఏడు అని రాసింది. ఈ సంగతి తుడిచేవాళ్లెవరికీ తెలియదు. మంతిఖా నుంచి జవాబు రాలేదు. మళ్లీ నెల మళ్లీ ఏడు. "ఎందుకమ్మా తలనొప్పి" అని ఎవరో ఫోన్ చేశారు. మూడో నెల ఆమె వివరంగా ఉత్తరం రాసింది. ఏడుగురి పేర్లు, ఎవరు ఎన్ని గదులు తుడుస్తున్నారో అన్నీ రాసి, నా బడికి మార్కు తెగినా పరవాలేదు, వచ్చి లెక్కపెట్టండి అంది. ఆ ఉత్తరం ఎవరి బల్ల మీద పడిందోగానీ, ఈసారి కదిలింది. ఈ బడికీ, మనుషులను అరువిచ్చే ఆ మగపిల్లల బడికీ ఒకే పొద్దున రెండు బృందాలను పంపి, కార్డులు చూసి లెక్కపెట్టాలని తీర్మానించారు. ఎవరికీ చెప్పవద్దని ముదీరాకు మాట వచ్చింది. ఆవిడ మాట మీద నిలబడే మనిషి, చెప్పలేదు. చెప్పి ఉంటే ఎంత బాగుండేదో!

మంతిఖాలో కంపెనీకి చెవులున్నాయి. ఆ చెవులకు సగం కబురే చేరింది. మగపిల్లల బడికి మంతిఖా వస్తోంది అన్న సగం.

జనవరిలో ఒక మంగళవారం, పొద్దున ఏడున్నర. చలి కోస్తోంది. పిల్లలు ప్రార్థనకు నిలబడి ఉన్నారు. హారూన్ వెనక గేటు దగ్గర బస్సు ఆపి ఐదుగురిని రమ్మన్నాడు.

"అబ్లాకు ఒక మాట చెప్పి వస్తా ఉండు" అంది షరీఫా బీ.

"టైమ్ లేదు ఖాలా. అరగంటలో తెచ్చి ఇడిచిపెడతా. ఆ బడి లోటు బయటపడితే ఈ బడిదీ బయటపడతాది. అప్పుడు మీ అబ్లాకే కదా చెడ్డపేరు."

ఆ చివరి మాటతో షరీఫా బీ బస్సెక్కేసింది.

మగపిల్లల బడిలో పన్నెండు మంది వరసగా నిలబడ్డారు. ఆ బడి జాబితాలో మెహరాజ్ అనే ఆమె ఉంది. ఆమె పని మానుకుని రాయచోటి వెళ్లిపోయి మూడేళ్లయింది, పేరు మాత్రం ఇంకా తుడుస్తోంది. ఎప్పుడూ మెహరాజ్ పేరుకు పలికేది షరీఫా బీయే. ఆ రోజూ పలికింది. కానీ ఈసారి మంతిఖా నుంచి వచ్చినావిడ పేరుతో ఊరుకోకుండా చెయ్యి చాపింది. "బతాఖా" అంది. కార్డు ఇమ్మని.

షరీఫా బీ కోటు జేబులోంచి కార్డు తీసి ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది? ఆవిడ కార్డు చూసింది, జాబితా చూసింది, ఆడపిల్లల బడికి ఫోన్ చేసింది. అక్కడి బృందం లెక్క ఇద్దరు.

"నిన్నెవరు తీసుకొచ్చారు?" అని అడిగింది. కోపంగా కాదు, నెమ్మదిగానే అడిగింది. ఆమెకు కావలసింది ఆ ఒక్క మాటే. హారూన్ పేరు, కంపెనీ పేరు చెబితే చాలు, మూడు నెలల ఉత్తరాలకు ఫలితం దక్కేది.

షరీఫా బీ బుర్రలో ఆ క్షణాన కంపెనీ లేదు, హారూన్ లేడు. నిజం చెబితే బడిలో ఐదుగురు తక్కువని రాసుకుంటారు, అబ్లాకు మొదటి ఏడాదే మార్కు తెగుతుంది. అదొక్కటే ఉంది.

"ఎవరూ తీసుకురాలేదు. నేనే వచ్చినా" అంది తన వచ్చీరాని అరబ్బీలో.

"పని వేళలో, నీ బడి వదిలేసి?"

"అవును. మా బడిలో అందరూ ఉన్నారు. పన్నెండు మంది. ఏ లోటూ లేదు."

వెనకున్న నలుగురినీ అడిగితే, పాపం బెదిరిపోయి, ఈమెతో వచ్చామన్నారు. ఆవిడ నిట్టూర్చి అదంతా అరబ్బీలో రాయించింది. కింద షరీఫా బీ వేలిముద్ర వేయించింది. షరీఫా బీ సంతోషంగానే వేసింది. బడిని కాపాడానని.

మర్నాడు ముదీరా ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేసింది. కూర్చోమంది. షరీఫా బీ కూర్చోలేదు.

"ఆ ఉత్తరాలు రాసింది నేనే ఉమ్ సైరా" అంది ముదీరా. "మూడు నెలలుగా రాస్తున్నాను. మీ నడుములు విరుగుతున్నాయని, పన్నెండు మందినీ పంపమని. నువ్వు నిజం చెప్పి ఉంటే నిన్న కంపెనీ దొరికిపోయేది. ఎందుకలా చెప్పావు?"

షరీఫా బీకి మొదట అర్థం కాలేదు. కాసేపటికి అర్థమైంది. అప్పుడు కూర్చుంది.

"మీ బడికి మార్కులు పోతాయని అబ్లా" అంది.

ముదీరా కళ్లు తుడుచుకుని ఫోన్ అందుకుంది. ఆ పూటంతా ఫోన్లే. మర్నాడు తనే మంతిఖాకు వెళ్లింది. ఈమెను కంపెనీయే పంపిందని కాగితం రాసిచ్చింది. మీరు కళ్లారా చూశారా అని అడిగారు. ఆ వేళ ఆమె ప్రార్థన దగ్గర ఉంది, చూడలేదు. అబద్ధం ఆడలేకపోయింది. పనివాళ్ల ఫిర్యాదులు వినే ఆఫీసుకు షరీఫా బీ వెళ్లి, నన్ను హారూన్ తీసుకెళ్లాడు అని చెప్పుకుంది. వాళ్లు ఫైలు తెరిచి ఆమె వేలిముద్ర ఆమెకే చూపించారు.

కంపెనీ శుభ్రంగా చేతులు దులుపుకుంది. చెప్పకుండా పనిచోటు వదిలింది, ఇంకో నలుగురిని వెంటేసుకుపోయింది అని కేసు రాసింది. ఆ నలుగురికీ హెచ్చరిక, ఈమెకు ఇఖామా రద్దు, నెలాఖరుకు టికెట్. హారూన్ ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒక్కసారి ఎత్తి, "నా చేతుల్లో ఏముంది ఖాలా, నాదీ ఇఖామానే కదా" అన్నాడు. వాడి గొంతు కూడా ఏడుపుగానే ఉంది. ఏం ప్రయోజనం?

సైరాకు చెప్పడానికి మూడు రోజులు పట్టింది. అంతా విని ఆ పిల్ల, "నువ్వేం బాధపడొద్దు అమ్మీ. ఇక్కడ నర్సింగ్ హోంలో ఆయా పని ఉందంట. వార్డులు తుడవాల. నేను చేరిపోతాలే" అంది. షరీఫా బీ ఫోన్ పెట్టేసి గోడకేసి తల కొట్టుకుంది. తను తుడిచిందే బిడ్డ తుడవకూడదని కదా పంతొమ్మిదేళ్లు.

ముదీరా ఉత్తరాలు మాత్రం వృథా పోలేదు. ఒకే పొద్దున రెండు బళ్లలో లెక్క తీశారు కదా, ఎవరు ఎందుకు వెళ్లినా మనుషులు తక్కువన్నది దాగలేదు. బడికి పన్నెండు మందినీ నింపి తీరాలని మంతిఖా హుకుం ఇచ్చింది. కంపెనీ కొత్తగా దించిన ఆడవాళ్లను పంపింది.

వెళ్లే రోజు పొద్దున షరీఫా బీ బూడిద రంగు కోటు ఉతికి, మడతపెట్టి, అప్పజెప్పడానికి బడికి వచ్చింది. గేటు లోపల తుడిచేవాళ్లు వరసలో ఉన్నారు. ఏడుగురిలో మిగిలిన ఆరుగురూ, పక్కనే ఆరుగురు కొత్తవాళ్లూ. కొత్తవాళ్ల కోట్ల మీద ఇంకా మడతల గీతలు పోలేదు. మంతిఖా మనిషి కార్డులు చూస్తూ లెక్కపెడుతున్నాడు. పక్కన ముదీరా తల వంచుకుని నిలబడి ఉంది.

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి అక్కడ నిజంగా పన్నెండు మంది ఉన్నారు. షరీఫా బీ తనూ లెక్కపెట్టుకుంది. అలవాటు కొద్దీ వరస చివర, తను ఎప్పుడూ నిలబడే చోటుకు వెళ్లి నిలబడింది.

మంతిఖా మనిషి చివరికొచ్చి ఆగాడు. జాబితా చూసుకున్నాడు.

"నువ్వు పక్కకు జరుగమ్మా" అన్నాడు. "లెక్క తప్పుతోంది."

షరీఫా బీ పక్కకు జరిగింది.