సొన పారబోసిన సుగుణ వదిన

నా బేరాలన్నింటిలోకీ గొప్పది ఇది: పాత గుడ్డు సొన మీద కొత్త సొన పోసి, ఒక కేకుల ఆర్డరును, దానితోపాటు మా అతిపెద్ద గిరాకీని ఒక్క పూటలో పోగొట్టాను. ఇంత సులువుగా ఇంత నష్టం తెచ్చుకోగలిగినవాడు ఉప్పల్ బజారులో మరొకడు లేడు. నా ఈ ప్రతిభను ఎదురుగా నిలబడి చూసిన మా వదిన సుగుణ ఈ నెల మొదట్లో గుండెపోటుతో దివంగతురాలైంది. పొద్దున్నే అన్న ఫోన్ చేసి "వదిన లేదురా" అంటే, "నాచారం యూనిట్‌కు పోయిందేమో, సూడన్నా" అన్నాను. ఆ మాట తలకెక్కడానికి చాలాసేపు పట్టింది.

మాది కిరాణా కుటుంబం. డబ్బా అడుగున మిగిలిన కందిపప్పు మీద కొత్త పప్పు పోయడం, పాత నూనె మీదే కొత్త నూనె వంపడం మా ఇంటి ఆచారం. దాన్ని మేము పొదుపు అనేవాళ్ళం. వదిన నాచారంలో చిన్న కేకుల యూనిట్ పెట్టి, కొనుగోళ్ళు నాకు అప్పగించింది. గుడ్లు కొట్టే శ్రమ లేకుండా, పాశ్చరైజ్ చేసి ప్యాకెట్లలో నింపిన సొన తెప్పించేవాళ్ళం.

ఆ సొన విషయంలో ఆమెది నిర్దాక్షిణ్యమైన నిష్ఠ. ఆటో ఆగగానే ప్యాకెట్ తాకి చూసేది. చల్లదనం తగ్గితే వాపసు. ఉబ్బినది గడప దాటేది కాదు. గడ్డకట్టిన సొన ఫ్రిజ్ లోపలే కరగాలి, బల్ల మీద కాదు. విప్పిన ప్యాకెట్ మీద తేదీ రాసేది. మూడు రోజులు దాటితే మోరీ కాలువలోకే. "నాలుగు డిగ్రీలు దాటనియ్యకురి, దాటితే సొన మన మాట వినదు" అనేది.

ఆ రోజు హబ్సిగూడలోని ఒక హాస్టల్ పిల్లల వీడ్కోలుకు కేకులు చేయాలి. వదిన మైదా కొలుస్తుండగా, సొన మిగిలిన డబ్బాలోనే నేను కొత్త ప్యాకెట్లన్నీ వంపేశాను. ఆమె చూసింది.

"డబ్బాల ఉన్న పాతది ఎన్నటిది?"

"యాదికి లేదు వదినా. వాసన సూడు, మంచిగనే ఉంది."

"పుల్లవాసనొస్తే, రంగు మారితే, నీళ్ళలెక్క పలచనైతే పిల్లి గూడ మూతి తిప్పుకుంటది. దానికి మనమెందుకు? వాసన రాకముందే పాడైతది మరిదీ."

"ఓవెన్ల కాలితే అన్నీ చస్తయ్ గద!"

"మీద పూసే సొన క్రీము గూడ కాలుస్తవా?"

"జర ఆలోచించు, గిరాకీ పోతది."

"పోనీ. పోరగాళ్ళు దవాఖానల పడితే నువ్వు బేరమాడి తీస్కొస్తవా?"

డబ్బా మొత్తం మోరీలో కుమ్మరించింది. తానే హాస్టల్‌కు ఫోన్ చేసి, కేకులు అందించలేమని, తప్పు మాదేనని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. వాళ్ళు మళ్ళీ మా గడప తొక్కలేదు. నేను చాలా రోజులు అలిగాను. ఆమె మాత్రం రోజూ టీ పంపింది, "బేరగానికి చక్కెర తక్కువెయ్యిరి" అని నాకు వినబడేలా కేకేసి మరీ.

కర్మకాండలు ముగిశాక నిన్న యూనిట్ తలుపు తీశాం. ఫ్రిజ్ నడుస్తూనే ఉంది. ప్యాకెట్లు చల్లగా ఉన్నాయి, ఉబ్బలేదు, గడువు దాటలేదు. ఇంతలో పక్క షెడ్డాయన వచ్చి, "మొన్న వానకు పొద్దంత కరెంటు లేదన్నా" అన్నాడు.

ఒకటి కోసి చూశాను. ఏ వాసనా లేదు. మర్నాటికి పెద్ద ఆర్డరుంది. అది కూడా పోతే వదిన పెట్టిన యూనిట్ నిలవడం కష్టమని ఇద్దరికీ తెలుసు. అన్న గోడకు ఆనుకుని, "పనికొస్తదంటవా?" అని అడిగాడు. అట్లాంటి ప్రశ్నకు జవాబు చెప్పే మనిషి ఇంట్లో లేదు. నేను ప్యాకెట్లు మోరీ దగ్గరికి మోసి, ఒక్కొక్కటే కోసి వంపాను. ఆమెకు నివాళి అర్పించడం నాకు ఇంతకంటే బాగా రాదు.

చివరి లెక్క నిజాయితీగా రాస్తున్నాను. సొనంతా పోయింది. ఆర్డరు పోయింది. ఎవరికీ కడుపునొప్పి రాలేదు, అది జమ. వదిన పోయింది, అది ఖర్చు. ఎన్నిసార్లు కూడి తీసివేసినా నష్టమే తేలుతోంది.