వాగ్దానం ఎవరిచ్చారు?

2011 జూన్‌లో నన్ను మిర్యాలగూడ నుంచి కోదాడ పాస్టరేటుకు బదిలీ చేశారు. పాస్టరేటు అంటే ఒక పాస్టరు చూసుకునే కొన్ని సంఘాలు. మోతె వైపు పల్లెల సంఘాలు కూడా నా కిందే ఉండేవి.

మా సంఘాల్లో జనవరి ఒకటిన వాగ్దాన కార్డులు తీసే ఆనవాయితీ ఉంది. బైబిల్లోని ఒక్కో వాగ్దానాన్ని ఒక్కో కార్డు మీద అచ్చువేస్తారు. ఉదయం ఆరాధన ముగిశాక ఒక్కొక్కరూ వచ్చి, కళ్లు మూసుకుని ఒకటి తీసుకుంటారు. ఆ ఏడాదికి దేవుడు తమతో అన్న మాట అదేనని నమ్ముతారు. వచనాలు ఏరడానికి పాత పాస్టర్లు పద సూచిక ముందేసుకుని రోజుల తరబడి కూర్చునేవారు. ఏ మాట ఏ వచనంలో ఉందో చెప్పే లావుపాటి పుస్తకమది.

ఆ ఏడు ఆ పని సంఘ కార్యదర్శి దేవదానం గారు నెత్తినేసుకున్నారు. రిటైరయ్యాక కంప్యూటర్ నేర్చుకున్న ఉత్సాహం ఆయనది. ఇంటర్నెట్‌లో తెలుగు బైబిలు తెరిచి, ‘ఇస్తాను’ అనే అర్థం వచ్చే మాటలు కొట్టి, దొరికిన వచనాలన్నీ అచ్చుకిచ్చేశారు. “గంటలో అయిపోయిందండీ అయ్యగారూ!” అని మురిసిపోతూ కార్డుల కట్ట నా చేతిలో పెట్టారు.

మోతె దగ్గరి రత్నమ్మకు ‘ఇవన్నీ నీకిస్తాను’ అనే కార్డు వచ్చింది. ఆమెకూ చెల్లెలికీ తల్లి పొలం మీద తగాదా. చెరిసగం చేసుకోవడానికి పెద్దమనుషుల ముందు అప్పటికే ఒప్పుకుంది. కార్డు చూశాక అడ్డం తిరిగింది. “దేవుడే అంత ఇస్తనన్నడు అయ్యగారు, ఇగ పంచుడేంది?” అని కోదాడ వచ్చి నన్నే నిలదీసింది. ఇక అక్కాచెల్లెళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోరని నాకు భయమేసింది.

కార్డు కింద అచ్చువేసిన అధ్యాయం సంఖ్య చూడగానే అనుమానం వచ్చింది. దేవదానం గారిని పిలిపించి, ఇద్దరి ముందూ ఆ అధ్యాయం మొదటి నుంచి చదివాను. ఆ మాట దేవుడిది కాదు. తనకు మొక్కితే లోక రాజ్యాలన్నీ ఇస్తానని సైతాను యేసుకు పెట్టిన ఆశ! మొక్కాలన్న షరతు కార్డులో పట్టక వదిలేశారు. దేవదానం గారి మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు.

రత్నమ్మ కార్డు వంక చూసి, పకపకా నవ్వింది. “సైతాను ఇచ్చే పొలం నాకెందుకయ్యా? సెల్లెకు సగం రాయిస్త. జర మీరు గూడ రాండ్రి,” అంది. వెళ్లాను. పంపకం సాఫీగా జరిగింది. ఆ పూట అక్కకు చెల్లెలే అన్నం వడ్డించింది. చూసి నా ప్రాణం కుదుటపడింది.

దేవదానం గారిని కంప్యూటర్ మానమని నేను అనలేదు. మరుసటి ఏడూ ఆయనే వెతికారు. అయితే దొరికిన ప్రతి వచనానికీ అధ్యాయమంతా పైకి చదివాకే అచ్చుకిచ్చాం. వినడానికి రత్నమ్మను కూర్చోబెట్టాం. ప్రతి వచనానికీ ఆమె ఒకటే అడిగేది: “గిది ఎవరన్నరు?”

వెతికితే మాట దొరుకుతుంది. అది ఎవరి మాటో తెలియాలంటే మాత్రం కూర్చుని చదవక తప్పదు.