నిప్పు కోసం పక్కింటికి

నా చిన్నప్పుడు, అల్లూరు దగ్గర మా ఊళ్లో, ఇంగ్లీషు వచ్చిన ఆడమనిషి మా పక్కింటి అక్క ఒక్కతే. నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుకుని వచ్చింది. సాయంత్రాలు వాళ్ల అరుగు మీద వీధి పిల్లలకు ఊరికే పాఠం చెప్పేది. నాకు లెక్కలంటే ఇష్టం. ఎవరూ నేర్పకుండానే పెద్ద పెద్ద భాగహారాలు నోటితోనే చేసేదాన్ని. అందుకని ఇంగ్లీషు మాటలను కూడా అంకెల్లాగే చూసేదాన్ని. రెండు మాటలకు ఒకే అర్థం ఉంటే ఒకటి కొట్టేయవచ్చు అనుకునేదాన్ని.

అక్క అలా కొట్టేయనిచ్చేది కాదు. ఒకరోజు పాఠంలో అవాయిడ్, ఇగ్నోర్ అనే మాటలు వచ్చాయి. రెండూ ఒకటే కదా అన్నాను. ఎదురుగా వచ్చే మనిషిని చూసి వేరే సందులోకి తిరిగితే అవాయిడ్ అని, పక్కనే ఉన్నా లేనట్టు చూస్తే ఇగ్నోర్ అని చెప్పింది.

"అట్టయితే మా మేక నన్ను ఇగ్నోర్ చేస్తాదక్కా. పిలిస్తే చెవి కూడా కదపదు," అన్నాడు ఒక పిల్లాడు.

"నువ్వు పిలిచేది దాన్ని కట్టేసేదానికి. అది తెలివైందిలే," అంది అక్క. అందరం నవ్వాం.

ఆ ఏడు కాలువలో నీళ్లు తక్కువ వచ్చాయి. మా ఊరి పెద్దలు, వంతు మాది కాని రోజు, కాలువకు అడ్డుకట్ట వేయించి నీళ్లన్నీ మా పొలాలకు మళ్లించారు. కాలువ చివర ఉన్న ఊళ్లో నారుమళ్లు ఎండిపోయాయి. నెల్లూరు నుంచి అధికారి వచ్చి అడిగితే, చెత్త అడ్డుపడి నీళ్లు ఆగాయని అందరూ ఒకే మాట చెప్పారు. అక్క వాళ్ల నాయన మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాడు. అధికారి అడ్డుకట్ట తీయించాడు. మరునాడే ఊరి పెద్దలు కూర్చుని, ఆ ఇంటితో ఎవరూ మాట్లాడకూడదని, ఆ ఇంటికి ఏదీ ఇవ్వకూడదని, అక్కడినుంచి ఏదీ పుచ్చుకోకూడదని కట్టుబాటు చేశారు.

అరుగు ఖాళీ అయింది. బట్టలు ఉతికే మనిషి రావడం మానేసింది. వాళ్ల చేలో నాట్లు వేయడానికి కూలీలు ఒక్కరూ రాలేదు. అక్క, వాళ్ల అమ్మ, వాళ్ల నాయన, ముగ్గురే నడుములు వంచి నాటితే ఎంత పొలం అవుతుంది? మిగిలిన నారు మడిలోనే ముదిరిపోతూ ఉంది. మా నాయన కూడా కట్టుబాటుకు తల ఊపి వచ్చాడు. వాళ్ల గడప తొక్కవద్దని మాకు గట్టిగా చెప్పాడు.

మా రెండిళ్ల పెరళ్లకూ మధ్య మట్టిగోడ. ఒక సాయంత్రం అవతల అక్క గిన్నెలు తోముతుంటే, నేను గోడ మీదుగా తొంగిచూసి, ఇప్పుడు వాళ్లకు జరుగుతున్నదాన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగాను. నాకు అదీ ఒక పాఠమే. అక్క కోప్పడలేదు. పలకరిస్తే మొహం తిప్పుకుని పోవడం స్నబ్ అంది. ఏదో అంటుకుంటుందన్నట్టు ఎప్పుడూ దూరదూరంగా మసలడం షన్. ఇచ్చిపుచ్చుకోవడాలు అందరూ కూడబలుక్కుని ఆపేస్తే బాయ్‌కాట్. ఊరే కూర్చుని, నువ్వు మాలో లేవని తీర్మానిస్తే ఆస్ట్రసైజ్. గిన్నె మీద నీళ్లు పోసుకుంటూ, నాకు అర్థమయ్యేట్టు నెమ్మదిగా చెప్పింది.

"వీటిల్లో ఏది పెద్దదక్కా?" అన్నాను.

"ఊరు చేసింది పెద్దదే. అయినా అది ఓర్చుకోవచ్చు అమ్మే. పొద్దున మీ అవ్వ ఎదురుపడింది. నన్ను చూసి తల దించుకుని పోయింది. దానికి మాట నాకు తెలీదు," అంది.

మా అవ్వ, అంటే మా నాయన తల్లి, నా వెనకే గోడవారగా కూర్చుని చింతపండులో గింజలు తీస్తూ ఉంది. అంతా విన్నది.

మరునాడు వీధిలో జనం తిరిగే వేళకు అవ్వ ఒక పిడక పట్టుకుని బయలుదేరింది. ఆ రోజుల్లో పొయ్యి ఆరిపోతే పక్కింటికి వెళ్లి, పిడక మీద నిప్పు పెట్టించుకుని తెచ్చుకోవడం మామూలే. కాని మా పొయ్యి మండుతూనే ఉంది. నేను ఆ మాటే అన్నాను.

"నోరు మూసుకుని నా యెంట రా," అంది అవ్వ.

అందరూ చూస్తుండగా వీధిలో నడిచి వెళ్లి, వాళ్ల గడప ముందు నిలబడి, "అమ్మణ్ణీ, మా పొయ్యి ఆరిపోయింది. రవ్వంత నిప్పియ్యి," అని పిలిచింది. అక్క బయటికి వచ్చి అవ్వ చేతిలో పిడకను చూసింది. తర్వాత లోపలికి వెళ్లి గరిటెతో నిప్పు తెచ్చి పిడక మీద పెట్టింది.

"ఏందవ్వా, కట్టుబాటు నీకు లేదా?" అన్నాడు ఎదురింటి పెద్దాయన.

"నన్ను గూడా పెట్టండి నాయనా బయట. ఈ వయసులో నాతో మాట్లాడేదెవురు గనక," అంది అవ్వ.

ఇంట్లోకి వచ్చాక, అడిగే బదులు మనమే ఏదైనా ఇచ్చి రావచ్చు కదా అన్నాను.

"ఇస్తే జాలిపడినామనుకుంటాది. అడిగితేనే అది ఇంకా మన పక్కింటి పిల్ల," అంది.

ఆ రోజు నాయన అవ్వతో పెద్ద గొడవ పడ్డాడు. అవ్వ రోజూ నిప్పుకు వెళ్లడం మానలేదు. కాని ఆమె వెనక ఆ గడపకు ఇంకెవరూ వెళ్లలేదు. నారు ముదిరి పసుపెక్కింది. పొలంలో సగానికి పైగా బీడు పడింది. ఆ చలికాలంలోనే అక్క వాళ్లు ఇంటికి తాళం వేసి నెల్లూరుకు వెళ్లిపోయారు. బస్సుకు పోయేముందు అక్క వచ్చి అవ్వ పక్కన కూర్చుంది. ఆమెను నేను మళ్లీ చూడలేదు. మరునాడు పొద్దున అవ్వ అలవాటుగా పిడక పట్టుకుని వీధిలోకి వెళ్లి, తాళం చూసి తిరిగి వచ్చింది.

తర్వాత నా అంతట నేనే నిఘంటువు చూసుకుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. మనిషిని దూరం పెట్టడానికి అందులో లెక్కలేనన్ని మాటలున్నాయి. దగ్గరికి తీసుకోవడానికీ ఉన్నాయి. యాక్సెప్ట్, ఇన్‌క్లూడ్, వెల్‌కమ్. కాని అవన్నీ లోపలున్నవాళ్లు బయటివాళ్లను రమ్మనే మాటలు. మా అవ్వ తానే బయట నిలబడి, వాళ్లను ఇవ్వమని అడిగింది.

పనిచేసే చోట కాని, చుట్టాల్లో కాని, ఎవరినైనా నలుగురూ కలిసి పక్కన పెట్టారని తెలిస్తే నేను ఆ ఇంటికి వెళతాను. నేను వెళ్లినందువల్ల చాలాసార్లు వాళ్ల కష్టం తీరలేదు. అక్కకూ తీరలేదు. అయినా వెళతాను. చేతిలో ఏమీ పట్టుకెళ్లను. ఏదో ఒకటి అడిగి తెచ్చుకుంటాను.